పన్నెండు నీళ్లు

మా అత్త నిన్న మాపటి సంది అన్నం ముట్టలే.

జొన్నరొట్టె పెట్టిన. పచ్చిపులుసు చేసిన. ఆఖరికి పెరుగుల బెల్లం కలిపి తీస్కపోయిన. మూడుమాట్లు గిన్నె ఎట్ల పోయిందో అట్లనే వాపస్ వచ్చింది. మా అత్త సీతాబాయి కోపంల గూడ కడుపు మాడ్చుకునే మనిషి కాదు, కోపమొస్తె ఇంకో రొట్టె ఎక్కువ తింటది. గసుంటామె పొద్దుగాల లేసి, మా ఫోటో స్టూడియో తలుపుకు వీపు పెట్టి, బొంబాయి సడక్ దిక్కు చూసుకుంట అరుగు మీద కూసున్నది. వచ్చేపోయే బండ్లోళ్లు "ఏం సీతమ్మా, మంచిగున్నవా?" అంటె తలకాయ గూడ ఊపలే.

"అవ్వా, జర నా మాట ఇను," అని మా ఆయన వీరేశం గడపల నిలబడి అడిగిండు.

"నీ మాట ఇనుకుంటనే గదరా గింత దూరమొచ్చింది."

"నేనేం కావాలని పగలగొట్టిన్నా?"

"అనలే. పగిలిందాని సంగతి నేను అడుగుతలేను. మిగిలిందాని సంగతి అడుగుతున్న."

పగిలింది మా మామ పోచయ్య అద్దం. మామ పోయి తొమ్మిదేండ్లు. మా ఆయన పట్నంల ఫోటో పని నేర్చుకునే రోజులల్ల, తలపాగ చుట్టుకోని కూసున్న వాళ్ల నాయిన్ని పెద్ద గాజు ప్లేటు మీద తీసిండు. ఆయనది అదొక్కటే ఫోటో. లడాయి రోజులల్ల మంచి కాగితం దొరకలే, ఎన్క గడబిడల మా పానాలకే ఠికానా లేకుండె. పోలీస్ యాక్షనై అంత సల్లబడి ఏడాదైంది గనక ఈ నెలల సుల్తాన్ బజార్ల మందం కాగితం తెచ్చిండు. తెచ్చి ఒక్కటంటె ఒక్కటి అచ్చేసిండు. ఏసి, ప్లేటును కిటికీల పెట్టిండు. నిన్న మోచెయ్యి తాకి అది కింద పడ్డది. ఏడు తుకడలు. మా అత్త ఒక్క మాట అనకుంట తుకడలన్ని కొంగుల ఏరుకున్నది.

ఇగ ఉన్నది దండెం మీది ఫోటో ఒక్కటే. రేపు మామ తిథి. చుట్టాలొస్తరు. గోడకు ఫోటో పెట్టాలె. అది గోధుమరంగుల ఉండాలెనని మా అత్త పట్టు.

"నలుపు ఫోటో ఏండ్లు గడిస్తె వెలిసిపోతది, గోధుమరంగు చేస్తె నీ మనుమని మనుమడు గూడ చూస్తడని చెప్పిందెవరు?"

"నేనే."

"మరి చెయ్యి."

"అద్దం ఉంటె చేస్తుంటినే. ఇది పాడైతె ఇంకోటి ఏస్తుంటి. ఇప్పుడు ఇది గూడ పోతె నాయిన మొకమే లేదు మనకు."

"ఉంచినా వెలిసిపాయె, అప్పుడు మాత్రం ఉంటదా?"

మా ఆయన తల గోక్కున్నడు. "పోనీ, దీన్నే కెమెరా ముందల పెట్టి నకలు తీస్త. పెద్ద ప్లేట్లు లేవుగని చిన్నదున్నది. కండ్లు జర మసక..."

"నకలు మొగుడు నాకెందుకురా?"

నాకు నవ్వాగలే. కొంగు నోట్ల కుక్కుకున్న. ఇద్దరూ ఒక్కసారే నా దిక్కు గుర్రుమని చూసిండ్రు. ఆ తీర్ల మాత్రం తల్లీకొడుకులు ఒక్కటే.

అసలు కాగితం కాడనే లొల్లి మొదలైంది. మా ఆయన రెండు తీర్ల కాగితం తెచ్చిండు. ఒకటి మీగడ రంగుది, జర గరుకు. ఇంకోటి సున్నమంత తెలుపు, నున్నటిది. మా అత్త మీగడ రంగుదాన్ని చెంపకు ఆనిచ్చుకోని "ఇదే" అన్నది. నల్లఫోటోకైతె అదే బాగుంటది, గోధుమరంగు చేస్తె మనిషికి కామెర్లొచ్చినట్టయితది, తెల్లదాని మీదనే రంగు నిండుగ పడతదని మా ఆయన. నన్నడిగిండ్రు. నేను ఉన్నమాట చెప్పిన, తెల్లదే అని. రెండు రోజులు మా అత్త నాతోని మాట్లాడలే. మొగనిదిక్కు మాట్లాడినవని పేరు. నేను మాట్లాడింది కాగితం దిక్కు! ఆఖరికి తెల్లదాని మీదనే అచ్చేసిండు.

పొద్దు బారెడెక్కినంక మా ఆయన మెత్తబడ్డడు.

"సరే. ముందుగాల తుకడ మీద చూస్త. తుకడ మంచిగొస్తేనే ఫోటో ముడత. లేకుంటె లేదు. ఒప్పుకుంటవా?"

"ఊఁ," అన్నది అత్త, సడక్ దిక్కే చూసుకుంట.

తుకడ అంటె, అసలు ఫోటో అచ్చేసే ముందు వెలుతురు ఎంత సేపు పెట్టాల్నో చూసేతందుకు ఏసిన సన్న పట్టీ. మామ చెవు, సగం భుజం వచ్చినయ్ దాంట్ల. అదే కాగితం, అదే రోజుది, ఫోటోతోనే నీళ్లల్ల నానింది, ఫోటోతోనే ఆరింది.

ఈ పనికి మా ఇంట్ల ఒక పద్ధతున్నది. రెండో మందు మురిగిన గుడ్ల కంపు కొడతది, ఆ కంపు తగిలితె కొత్త కాగితం డబ్బాలల్ల ఉండంగనే మాడిపోతది. అందుకని నేను డబ్బాలన్ని తీస్కపోయి పక్కింటి కనకలక్ష్మి ధాన్యం గుమ్మి ఎనక పెట్టొస్త. ఆమె ఎన్నడు గూడ వద్దనలే. కంపొచ్చినప్పుడు మాత్రం గోడ మీదికెల్లి తిడతది. ఆ రోజు గూడ డబ్బాలు దాచొచ్చిన. దొడ్లె రెండు తాంబాళాలు పెట్టిన. ఒకదాంట్ల ఎర్ర ఉప్పు కరిగిచ్చిన పసుపు నీళ్లు, ఇంకోదాంట్ల కంపు నీళ్లు.

పట్టీని పసుపు నీళ్లల్ల ఏసిండు. నలుపంత పోయి, ఎండుగడ్డి రంగుల చారలెక్క బొమ్మ మిగలాలె. ఆ చారనే కంపు నీళ్లల్ల గోధుమరంగుకు తిరుగుతది. నేను ఎన్నోమాట్ల చూసిన.

చెవు పోయింది. భుజం పోయింది. చార గూడ మిగల్లే.

మా ఆయన పట్టీని కడిగి కంపు నీళ్లల్ల ముంచిండు. ముంచి లేపి, మళ్ల ముంచిండు. సున్నమంత తెల్లగనే ఉన్నది.

"గిదేంది?" అన్నడు. "కాగితం పాతదంటగట్టిండా వాడు? ఎర్ర ఉప్పు చెడ్డదా?" అన్ని వాసన చూసిండు. తర్వాత నా దిక్కు చూసిండు. "ఫోటోకు నీళ్లు పన్నెండుమాట్ల మార్చినవు గద? హైపో మందు కాగితంల మిగిలితె, పసుపు నీళ్లు తగలంగనే రెండూ కల్సి బొమ్మను తినేస్తయ్."

హైపో బొమ్మను వెలుతురుకు చెడకుంట నిలబెట్టే మందే గని, మందం కాగితం బట్ట లెక్క దాన్ని తాగి కూసుంటది. పన్నెండు నీళ్లు పడాలె. నాకు తెల్వదా? అదే నా పని.

"మార్చిన," అన్న.

"అయితె కాగితందే తప్పు. ఇగ ఫోటో జోలికి పోను."

మా అత్త అరుగు మీదికెల్లి ఎప్పుడు లేసొచ్చిందో, దొడ్డి తలుపుకాడ నిలబడి ఉన్నది. ఇప్పుడు ఇల్లు లేసిపోతదనుకున్న. ఆమె తెల్ల పట్టీని చూసింది, కొడుకును చూసింది.

"సరే తియ్యిరా. నల్లదే తగిలియ్యి," అన్నది. "పిల్లా, ఆకలైతున్నది. అన్నం పెట్టు."

ఇద్దరం నోరు తెరిచినం. నిన్నటి సంది మాడిన మనిషి, ఒక్క మాటకు దిగొచ్చింది!

లొల్లి తెగిపోయింది. నేను నోరు మూసుకుంటె అయిపోతుండె. ముగ్గురికి పెట్టిన, పక్కనే నేనూ కూసున్న. మా ఆయన పులుసు జుర్రుతున్నడు. అత్త తల వంచుకోని తింటున్నది. నాకు మాత్రం ముద్ద దిగుతలేదు. దండెం మీద మామ గాలికి ఊగుతున్నడు. మందు కడుపుల పెట్టుకోని ఉన్నడు. రంగు మార్చకున్నా ఆ మందు ఊకుంటదా? గోడ మీద ఏటికేడు ఆయన మొకం మచ్చలు పడుకుంట వెలిసిపోతుంటె, కాగితం అమ్మినోన్ని తిట్టుకుంట వీళ్లు, కిందికెల్లి చూసుకుంట నేను.

"నాలుగే," అన్న.

"ఏంది నాలుగు?"

"నీళ్లు. నాలుగేమాట్ల మార్చిన."

మా ఆయన చెయ్యి ఆగింది. "పన్నెండంటివి గద? ఇప్పుడే గద, దొడ్లె, అడిగితె..."

"అబద్దం చెప్పిన."

"ఎందుకే? నీళ్లు చేదుడు కష్టమైతె చెప్పొద్దా? నేను చేదకపోదునా?"

"నువ్వా? పదకొండేండ్లల ఒక్క బొక్కెన చేదినవా?" నాకు గూడ ఎక్కింది. "చేంతాడు తెగి బొక్కెన బాయిల పడ్డది. గాలం ఏసి తీసేసరికి నడుం ఇరిగింది. తీసి తెస్తె ఫోటో దండెం మీదున్నది. నువ్వే చూసి, సాలనుకోని ఆరేసినవనుకున్న. పీడ పోయిందని సంబరపడ్డ. మాపటికి పన్నెండు అయినయా అంటె, అయినయ్ అన్న. తప్పే. కొడతవా?"

"నేను ఆరేసుడేంది? నేను చీకటర్రల ఉంటి."

"నువ్వు ఆరెయ్యలేదా?"

"నీ తోడు."

ఇద్దరం మెల్లగ అత్త దిక్కు తిరిగినం. ముద్ద చేతుల పట్టుకోని ఉన్నది. నోట్లకు పోతలేదు, గిన్నెలకు దిగుతలేదు.

"బోర్ల ఏసిండ్రు గదరా ఆయన్ని," అన్నది.

"అవ్వా..."

"నీళ్లల్ల బోర్ల ఏసిండ్రు. ఎనకకెల్లి చూస్తె తెల్లగుడ్డ కప్పినట్టున్నది. నాలుగు నీళ్లదాక ఓర్చుకున్న. ఇది బాయికాడికి పోయి ఎంతకూ రాకపాయె. ముక్కుల నీళ్లు పోతయని..." చేతుల ముద్ద గిన్నెల ఏసింది. "తీసిన. కొంగుతోని మొకం తుడిచిన. పట్టీని గూడ తీసి ఎండకేసిన. నా చేతులతోనే చెడగొట్టుకున్ననని ఇప్పుడు తెలిసె."

కాగితాన్ని చూసి ఏడ్వాల్నో నవ్వాల్నో నాకు తెల్వలే. మా ఆయన చెయ్యి కడుక్కోని వచ్చి వాళ్లవ్వ పక్కన గొంతుకూసున్నడు.

"హైపో బరువే అవ్వా. నీళ్లల్ల కిందికి దిగుతది. మొకం పైకి పెడితె మొకం మీదనే కూసుంటది. బోర్ల ఏస్తేనే మందు జారి అడుక్కు పోతది. మంచికే ఏసినం."

"ఆ ముక్క మొదలే చెప్పొద్దారా?"

"నువ్వు అడగలే."

"అడిగితె మీరిద్దరు నవ్వుతరని."

మేము నవ్వుతుంటిమి, అది ఖాయం. నాకు సిగ్గేసింది.

"చెడిపోలే అవ్వా," అన్నడు మా ఆయన. "మందు కాగితంలనే ఉన్నది, మళ్ల నానేసి కడిగితె పోతది."

"అయితె లెండ్రి!" అని అన్నం గిన్నె పక్కకు జరిపి మా అత్త లేసింది.

ఆ కడుగుడు చూడాలె మీరు. మా ఆయన బాయికాడ చేదుడు. నిజంగ! ఏడు బొక్కెనలకే చేతులు బొబ్బలెక్కినయ్, నేను చూసి నా మనసు నింపుకున్న. నేను మోసుడు. అత్త గంగాళం పక్కన పీటేసుకోని లెక్కపెట్టుడు. మామను బోర్ల ఏస్తది. "మూడో నీళ్లు. జర ఓర్చుకో," అంటది. నీళ్లు మార్చినప్పుడల్ల ఒకసారి మర్లేసి, మొకం పైకి పట్టి, ఊపిరి తీసుకునేటంత సేపు ఆపి, మళ్ల బోర్ల ఏస్తది. మా ఆయన నోరు తెరవబోతె నేను కండ్లతోనే ఆపిన. పన్నెండు అయినంక, "మూడు ఎక్కువనే పోద్దాం, ఆయనకు నీళ్లంటె ఇష్టం," అన్నది. పదిహేను పోసినం.

గంగాళం చుట్టు బురద బురదైంది. ముగ్గురం తడిసినం. కోడలును అన్న మాటలు, కొడుకును అన్న మాటలు మా అత్త అన్ని మర్చిపోయింది. "ఏమే, నీ నడుం మంచిగున్నదా?" అని నన్నడిగింది. నాకు ఆ పూట ఎంత హాయనిపిచ్చిందో ఇప్పుడు గూడ చెప్పలేను.

పట్టీ పోయింది గనక ఫోటో అంచు గోరంత కత్తిరిచ్చి ముందు దాన్ని ముంచి చూసిండు. గోధుమరంగు మంచిగొచ్చింది. అప్పుడు ఫోటోను పసుపు నీళ్లల్ల దింపిండు.

మొదలు అంగి పోయింది. చెంపలు పోయినయ్. తలపాగ మడతలు, కండ్లు, ఆఖరికి మీసం. గడ్డిరంగు చారలెక్క మిగిలింది మనిషన్న గుర్తు. మా అత్త గంగాళం అంచు పట్టుకోని కండ్లు గట్టిగ మూసుకున్నది. పెదవులు కదులుతున్నయ్. దేవున్ని తలుచుకుంటున్నదేమో అనుకున్న.

పసుపంత దిగేదాక కడిగి, కంపు నీళ్లల్ల దింపిండు.

మామ వచ్చిండు. ఎంతసేపో పట్టలే. కనుబొమ్మలు, మీసం, తలపాగ, చెంపల గుంటలు, అన్ని ఒక్కసారే వచ్చినయ్. నలుపుల ఉన్నప్పుడు కోపంగ ఉన్నట్టుండె. ఇప్పుడు అన్నం తిని కూసున్నట్టున్నడు. ఎండల తిరిగొచ్చిన మనిషి రంగు.

కంపు లేసింది. "ఏం కుళ్లిందే మీ ఇంట్ల?" అని కనకలక్ష్మి గోడ మీదికెల్లి ఒర్రింది.

"మా మామ వచ్చిండు!" అన్న నేను.

మా ఆయన పగలబడి నవ్వుకుంట ఫోటో కడిగి, దండెం దిక్కు తీస్కపోయిండు. మా అత్త నవ్వలే. పీట మీదనే కూసున్నది. ఫోటో దిక్కు గూడ చూస్తలేదు.

"ఏమైందత్తా? మంచిగ రాలేదా?"

"మంచిగనే వచ్చిండు." చేతులు కొంగుకు తుడుచుకున్నది. "తెల్లగైనప్పుడు కండ్లు మూసుకున్న పిల్లా. ఫికర్ ఎందుకు, లోపల ఉన్నడు గద, చూసుకుంట అనుకున్న. తలపాగ వచ్చింది. మోచెయ్యి మీద కాలిన మచ్చ వచ్చింది. నడిచొచ్చుడు గూడ వచ్చింది. మొకం రాలె."

నేను ఆమె పక్కన బురదలనే కూలబడ్డ.

"ఇరవై ఎనిమిదేండ్లు సంసారం చేసిన. ఎంత గుంజినా రాలే. ఈ కాగితం మీద ఉన్న మొకమే ఉన్నదిగని నా లోపలిది పోయింది. ఎప్పుడు పోయిందో గూడ తెల్వదు."

కంపు కొట్టే చేతులతోనే ఆమె చెయ్యి పట్టుకున్న. ఏడుపు నాకొచ్చింది, ఆమెకు రాలె.

"నా మొకం మీకు యాదికుంటదా?" అని అడిగింది.

"అదేం మాట? రోజూ ఎదురుంగనే ఉంటవు గద."

"ఆయన గూడ ఎదురుంగనే ఉండె."

లేసింది. నీళ్లు తీస్కోని మొకం కడుక్కున్నది. తడి చీర మార్చుకోని వచ్చి, సక్కగ ముందటర్రలకు నడిచి, ఫోటోలు దిగెటోళ్ల కుర్చీల కూసున్నది. ఫోటో దిగితె ఆయుష్షు తగ్గుతదని మా పెండ్లిల గూడ పక్కకు జరిగిన మనిషి!

"ఆగు అత్తా, ఆయన్ని పిలుస్త."

"వద్దు. వాడు గడ్డం ఎత్తమంటడు, అటు చూడమంటడు. నువ్వే తియ్యి. రోజూ నన్ను చూసే మొకం నీదే."

"నేనెన్నడు తియ్యలే."

"నేనెన్నడు దిగలే. సరికి సరి."

ప్లేటు ఎట్ల పెట్టాల్నో నాకెరుక, మూత ఎట్ల తియ్యాల్నో ఎరుక. పదకొండేండ్లు పక్కన నిలబడి చూసిన. నల్లబట్ట కింద తలకాయ పెట్టిన. కెమెరా అద్దంల మా అత్త తలకిందులుగ కూసోని ఉన్నది. ముడతలు, చెవుల రంధ్రాలు, కడిగిన తడి ఇంకా ఆరని నుదురు. ఇంత దగ్గరికెల్లి ఆమెను నేను గూడ ఎన్నడు చూడలేదని అప్పుడే తెలిసింది. కండ్లు సాఫ్ వచ్చేదాక తిప్పిన. చిన్న ప్లేటు ఎక్కిచ్చిన.

"నాలుగు లెక్కపెడత. నాలుగు దాక కదలొద్దు, కన్నార్పొద్దు."

"ఊఁ."

దొడ్డి తలుపుకెల్లి మా ఆయన వచ్చిండు. మొకం మీద నవ్వు ఇంకా అట్లనే ఉన్నది. కుర్చీని చూసిండు, వాళ్లవ్వను చూసిండు, నవ్వు పోయింది.

"భూలక్ష్మీ, ఏంది గిది?"

"కండ్లకు కనబడతలేదా?"

"ఇయ్యాల వద్దు." గొంతు తగ్గిచ్చిండు. బతిలాడినట్టు అన్నడు. "రేపు నిజాంపేట నుంచి ఐలయ్య పెద్దనాయిన వస్తడు. నాయిన సొంత అన్న. నాయిన తిథి ముందు రోజు ముండమోసిన మనిషి కుర్చీల కూసోని ఫోటో దిగిందని తెలిస్తె ఇస్తరాకు కాడికెల్లి లేసిపోతడు. ఆయన లేస్తె అందరు లేస్తరు. అవ్వా, నువ్వన్న చెప్పు. ఎల్లుండి తీద్దాం. నేనే తీస్త."

మా ఆయన చెడ్డోడు కాదు. ఆయన చెప్పింది గూడ నిజమే. ఐలయ్య మామ సంగతి నాకు తెల్వందా? నా చెయ్యి మూత మీదనే ఆగింది. అత్త దిక్కు చూసిన. ఆమె ఒక్క మాట "సరే బిడ్డా, ఎల్లుండి" అంటె చాలు, నేను మూత ఇడుస్త.

ఆమె కొడుకు దిక్కు తిరగలే.

"కదలొద్దంటివి గద పిల్లా," అన్నది, పెదవులు మాత్రమే కదిలిచ్చి. "కదుల్తలేను. తియ్యి."

తీసిన.

మూత చేతుల పట్టుకోని "ఒకటి," అన్న.

మా ఆయన ఒకడుగు ముందుకేసిండు. ఇంకోటేస్తె కెమెరాకూ అత్తకూ నడుమకొస్తడు.

"రెండు."

"భూలక్ష్మీ!"

"మూడు," అన్న, ఆయన మొకం చూడకుంట. అత్త కన్నార్పలే.